నాన్న ఇచ్చిన సీసా

ఆ ఉదయం ఇంట్లో చెయ్యవలసిన పనులు ఇవి. స్నానాల గది తలుపుకు లోపలి గొళ్ళెం ఊడదీయాలి. అమ్మ కుట్టుమిషను దగ్గరి కత్తెరలు రెండూ, నాన్న గడ్డం బ్లేళ్ళూ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. చిన్నోడి మంచం పక్కన బకెట్టు ఉంచాలి. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గంటకో గ్లాసు తాగించాలి, కక్కుకున్నా సరే. ఆఫీసుకు సెలవు చీటీ పంపాలి. పక్కింటావిడ అడిగితే జ్వరమని చెప్పాలి. సాయంత్రం నాలుగు లోపల సెంటర్లో అర్జీ ఇవ్వాలి. దానిమీద నాన్న చేత సంతకం పెట్టించాలి.

పాత కవరు వెనక అక్క రాసుకున్న జాబితా అది. ఆమె జనన మరణాలు నమోదు చేసే ఆఫీసులో గుమాస్తా. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి. కష్టం వస్తే కన్నీళ్ళకంటే ముందు కాగితం వెతుక్కోవడం ఆమె అలవాటు. ఎనిమిదయ్యేసరికి సగానికి పైగా పనులు అయిపోయాయి. గొళ్ళెం పని నాన్న చేస్తున్నాడు. సంతకం పని మాత్రం అంగుళం కదల్లేదు.

సోమవారం మధ్యాహ్నం, మత్తు అలవాటు మాన్పించే సెంటరు వాళ్ళు చిన్నోడి పేరు రిజిస్టరులో కొట్టేశారు. ఇంటికిచ్చిన బిళ్ళలు మిగిలినవి వెనక్కి తీసుకున్నారు. ఇది గురువారం. ఒంట్లో ఉన్న మందు ఈ మూడు రోజులూ కొద్దికొద్దిగా దిగిపోయి, తెల్లవారేసరికి పూర్తిగా వదిలేసినట్టుంది. ఇరవై నాలుగేళ్ళవాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, గోడవైపు తిరిగి ముడుచుకు పడుకున్నాడు. ఆవులింత మీద ఆవులింత. ముక్కు ధారగా కారుతోంది. కిటికీలోంచి ఎండ పడుతున్నా చేతులమీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి. కాళ్ళు ఉండుండి వాటంతట అవే దుప్పటిని తన్నుతున్నాయి.

అమ్మ గుమ్మంలో నిలబడి ఆ కాళ్ళనే చూస్తోంది.

“ఎవరికి అమ్ముకున్నావురా?” అంది. మూడు రోజుల్లో ఈ ప్రశ్న ఎన్నోసారో ఎవరూ లెక్కపెట్టలేదు.

చిన్నోడు దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

“పదిహేను నెలలు. నువ్వు సెంటరు నుంచి తిరిగొచ్చేదాకా నా కాలు మిషను మీద ఆడేది కాదు. నీకు బిళ్ళ వేళ తప్పుతుందని నా చెల్లెలి చివరి చూపుకు కూడా పోలేదు నేను. ఇంత చేస్తే, ఆ బిళ్ళలు పట్టుకెళ్ళి ఇంకో తల్లి కొడుక్కి అమ్ముకొచ్చావు.”

“అమ్మేశాను,” అన్నాడు చిన్నోడు గోడతో. “అయిపోయింది. ఇంక నన్ను వదిలెయ్యి.”

“వదిలెయ్యడానికి నువ్వు నాకు పట్టుకున్న దయ్యానివైతే బాగుండేది. కొడుకువైపోయావు.”

అక్క తల్లి భుజం పట్టుకుని వంటగదిలోకి నడిపించింది. ఆ మాటలకు చిన్నోడు కదల్లేదు, ఎదురు చెప్పలేదు. అదే ఆమెకు వింతగా ఉంది. పాత రోజుల్లో, అంటే వాడు పూర్తిగా మత్తులో మునిగిపోయిన రోజుల్లో, ఒక్క మాటకు పది మాటలు విసిరేవాడు. అబద్ధం చెప్పినప్పుడల్లా గొంతు పెంచేవాడు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటున్నవాడి గొంతు ఇంత మెత్తగా ఉందేమిటి?

ఆలోచించే తీరిక లేదు. అర్జీ పట్టుకుని ఆమె స్నానాల గది దగ్గరికి వెళ్ళింది.

నాన్న తలుపు ముందు గొంతుక్కూర్చుని స్క్రూలు విప్పుతున్నాడు. సిటీ బస్సు డ్రైవరు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నిండి, దిగిపోవడానికి ఇంకో పదకొండు నెలలుంది. ఈ క్వార్టర్సు కూడా డిపో ఇచ్చిందే. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి, సోమవారం నుంచి నోట్లో నాలుక లేనట్టే తిరుగుతున్నాడు.

అర్జీ ఇచ్చింది. ఆయన చేతులు లాగుకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదువుతూ వేలు ఒక లైను మీద ఆపేశాడు. ‘నా కుమారుడు అవివేకం చేత బిళ్ళలు అమ్ముకొని మహాపరాధం చేసినాడు. మొదటి తప్పుగా మన్నించి తిరిగి చేర్చుకొనవలసిందిగా ప్రార్థన.’

“దీనిమీద నేను సంతకం పెట్టను,” అన్నాడు.

అక్క ఓపిగ్గా చెప్పింది. తప్పు ఒప్పుకుని బతిమాలడం తప్ప ఇంకో దారి లేదు. అమ్మినవాణ్ణి ఏడాదిదాకా రానివ్వకూడదని రూలు. అర్జీకి మూడు రోజులే గడువు, అది ఈ సాయంత్రంతో సరి. ఏడాది అంటే ఏమిటో నాన్నకు తెలియనిది కాదు. వాడితోపాటు తిరిగిన నలుగురిలో ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలు తన చేత్తో తానే రాసింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పరువా నాన్నా? డిపోలో నలుగురికీ తెలుస్తుందనా? ఆ మంచం మీద ఉన్నవాడికి అంత టైము లేదు.”

“పరువు కాదమ్మా.”

“మరి?”

“ఇందులో రాసింది అబద్ధం. వాడు ఒక్క బిళ్ళ కూడా అమ్మలేదు.”

స్క్రూ ఒకటి ఆయన చేతిలోంచి జారి గచ్చు మీద దొర్లింది. దాన్ని వెతికే నెపంతో తల వంచుకునే మిగతాదంతా చెప్పాడు.

డిపోలో మూడు నెలలకోసారి డ్రైవర్లకు యూరిన్ టెస్టు ఉంటుంది. ఉన్నట్టుండి నంబరు పిలుస్తారు, సీసా చేతిలో పెడతారు, కాంపౌండరు తలుపు బయట నిలబడతాడు. ఎవరి సీసాలో సారా గాని మత్తు గాని కనబడినా వాడి చక్రం ఆ రోజుతో ఆగినట్టే. నాన్న సీసా ఏనాడూ తప్పలేదు. దగ్గొచ్చినా సిరప్పు ముట్టని మనిషి. డిపోలో ఆయన్ని అందరూ ‘మినరల్ వాటరు’ అని పిలుస్తారు. ఆయనకూ ఆ పేరంటే లోలోపల గర్వమే.

మొన్నటిది కాక అంతకు ముందు ఆదివారం సాయంత్రం చిన్నోడు డిపో గేటు దగ్గరికి వచ్చాడట. పాత స్నేహితుడు ఎదురుపడ్డాడు, తను ఒకే ఒక్క మత్తు మాత్ర వేసుకున్నాడు. సెంటరు బిళ్ళ మానలేదు, అది రోజూ వేసుకుంటూనే ఉన్నాడు. ఈ ఒక్కటీ మాత్రం జరిగిపోయింది. రేపు సెంటర్లో సీసా అడుగుతారు, దొరికిపోతాను, పదిహేను నెలలూ గంగలో కలిసిపోతాయి అని ఏడ్చాడు.

“నేనున్నాను కదరా అన్నాను,” అన్నాడు నాన్న. “నా సీసా పట్టుకెళ్ళమన్నాను. వాడు వద్దన్నాడు. పోయి నిజం చెప్పేస్తానన్నాడు. నేనే వినలేదు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా, ఈ టెస్టుల సంగతి నాకు తెలియదా అన్నాను. సీసాకి వెచ్చదనం పోకుండా పొట్టకి అతికించి, పైన బిగుతు బనీను తొడిగించి పంపింది నేనే.”

అక్క గోడకు ఆనుకుంది. సెంటరు ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చు. ‘నమూనాలో నిషిద్ధ పదార్థాలు లేవు. మేము ఇచ్చిన మందు ఆనవాళ్ళు కూడా లేవు. కనుక రోగి మందు వాడకుండా బయట విక్రయిస్తున్నట్లు భావించడమైనది.’

డిపో వాళ్ళు సీసాలో విషం ఉందా అని మాత్రమే చూస్తారు. సెంటరు వాళ్ళు విషంతోపాటు మందు ఉందా అని కూడా చూస్తారు. నాన్న సీసాలో ఏదీ లేదు. ఉండవలసింది కూడా లేదు.

“నీకెప్పుడు అర్థమైంది?”

“సోమవారం. నువ్వు ఉత్తరం పైకి చదివినప్పుడే.”

“వాడు అమ్మానని ఎందుకు ఒప్పుకున్నాడు మరి?”

“సీసా ఎవరిదని అడుగుతారని. సీసా మారిస్తే అది ఇచ్చినవాడి మీద కూడా కేసు. డిపోకి రిపోర్టు వెళ్తుంది. టెస్టులో మోసం చేసిన డ్రైవరుకి ఆ రోజే బ్యాడ్జి పోతుంది, అది తన సీసా అయినా, ఇంకొకడికిచ్చిన సీసా అయినా.” ఆయన స్క్రూ కోసం మళ్ళీ గచ్చు తడిమాడు. “వాడు ఈ సంగతి నన్ను అడగలేదు. నాతో అనలేదు. అక్కడ నర్సు అడగ్గానే ‘అమ్మేశాను’ అని వచ్చేశాడు.”

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఇద్దరూ చూడలేదు.

ఆమె అరుస్తుందని అక్క అనుకుంది. అరవలేదు. భర్త దగ్గరికి వచ్చి, గచ్చుమీద పడ్డ స్క్రూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“మూడు రోజులు నా నోటితో వాణ్ణి తిట్టించారు,” అంది.

అంతే. లోపలికి వెళ్ళి మంచం చివర కూర్చుని, తన్నుకుంటున్న ఆ కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకుంది.

మొదట తేరుకున్నది అక్క. గుమాస్తా బుర్ర దాని పని అది చేసుకుపోతుంది. ఇంకో అర్జీ రాయవచ్చు, అంది. ల్యాబులో సీసాలు తారుమారయ్యాయని అనుమానం ఉంది, మళ్ళీ పరీక్ష చెయ్యండి అని అడగవచ్చు. ఆఫీసుల్లో అలాంటివి రోజుకు పది జరుగుతాయి. ఎవరూ ఆశ్చర్యపోరు. నాన్న పేరు ఎక్కడా రాదు.

“సీసా మీద చీటీ అతికించింది ఎవరు?” అడిగాడు నాన్న.

“నర్సు.”

“అప్పుడు ఆవిడ మెడకి చుట్టుకుంటుంది కదా.”

అక్క కవరు మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. అయినా ఆ ఆలోచన వదల్లేదు. చదువుకున్నందుకు తనకు అబ్బింది ఇదేనా అని ఒక్క క్షణం తనమీద తనకే రోత వేసింది.

లోపలి నుంచి చిన్నోడి గొంతు వినబడింది. పళ్ళు టకటకలాడుతుంటే మాటలు ముక్కలై వస్తున్నాయి.

“అక్కా, నాన్నని వెళ్ళనివ్వకు. ఈ ఇంట్లో పనికిరాకుండా పోయినవాణ్ణి నేనొక్కణ్ణి చాలు. పదకొండు నెలలే. ఆయన్ని దిగిపోనివ్వండి, తర్వాత చూద్దాం.”

“తర్వాత అంటే ఎవర్ని చూస్తాంరా,” అంది అమ్మ, వాడి కాళ్ళు వదలకుండా. తర్వాత తల ఎత్తకుండానే భర్తతో, “చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. కొక్కేనికి ఉంది,” అంది.

అది వెళ్ళమని చెప్పడమో, డ్యూటీకి టైమైందని గుర్తు చెయ్యడమో ఎవరికీ తెలియదు. నాన్న మాత్రం తనకు కావలసిన అర్థమే తీసుకున్నాడు. యూనిఫాం తొడుక్కున్నాడు, జేబుమీద బ్యాడ్జి సరిచేసుకున్నాడు, చెప్పులు వేసుకున్నాడు. మంచం దగ్గరికి వెళ్ళి కొడుకు తలమీద చెయ్యి వేశాడు. వాడు ఆ చెయ్యి తోసేశాడు. ఆయన మళ్ళీ వేశాడు. రెండోసారి తోసేంత బలం వాడి దగ్గర లేదు.

సెంటరు డాక్టరమ్మ వచ్చేది మధ్యాహ్నం మూడింటికే, అందుకని అక్కా నాన్నా రెండింటికి బస్సెక్కారు. బస్సులో డ్రైవరు నాన్న కంటే పదేళ్ళు చిన్నవాడు. అద్దంలో చూసి నవ్వాడు.

“ఏం గురువుగారూ, ఈరోజు ప్రయాణికులా? చూసి కూర్చోండి, నా బ్రేకులు మీ అంత మర్యాదగా ఉండవు.”

“తెలుస్తూనే ఉంది,” అన్నాడు నాన్న. నవ్వడానికి ప్రయత్నం కూడా చేశాడు.

ఆయన పక్కన కూర్చున్న అక్క ఒకటి గమనించింది. ప్రతి స్టాపు దగ్గరా నాన్న కుడిపాదం నేలను నొక్కుతోంది. మలుపు వచ్చినప్పుడల్లా చేతులు ఒళ్ళో కొద్దిగా తిరుగుతున్నాయి. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆమె కిటికీవైపు తిరిగిపోయింది. రేపటి నుంచి ఈ పాదం ఏం నొక్కుతుంది?

సెంటరు పెద్దాసుపత్రి వెనక, ఒకప్పుడు పాత ఫైళ్ళు దాచిన రెండు గదుల్లో ఉంది. గోడమీద బోర్డు: ‘మంజూరైన సంఖ్య 60. చేరినవారు 60.’ అద్దాల కిటికీ వెనక నర్సు, ముందు ఒక పొడవాటి బల్ల. బల్లమీద ఒక్కతే ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ముంజేతులమీద పాత కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి. చలిజ్వరం వచ్చినదానిలా వణుకుతోంది, కానీ కళ్ళు మాత్రం అదేదో పండగ చూస్తున్నట్టు వెలుగుతున్నాయి.

ఒంట్లో పాత మత్తు పూర్తిగా దిగాకే బిళ్ళ ఇవ్వాలని నర్సు ఆగి, ఈలోపల ఆమెకు జాగ్రత్తలు చెబుతోంది. నాలుక కింద పెట్టాక పది నిమిషాలు నోరు విప్పకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు అని చెప్పింది. మాట్లాడితే బిళ్ళ ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది, పనిచెయ్యదు. ఆమె చిన్నపిల్లలా తల ఊపింది.

“మొదటి బిళ్ళ,” అంది నర్సు అక్కతో, పలకరింపుగా. “ఇస్త్రీ కొట్టు ఆవిడది. పొద్దంతా నిలబడి నిలబడి నడుం పోతే ఎవడో నొప్పి మాత్రలు రాసిచ్చాడు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. నాలుగు నెలలుగా ప్రతి సోమవారం వచ్చి ఖాళీ ఉందా అని అడిగి వెళ్తోంది. ఈరోజుకి దొరికింది.”

అక్క విన్నది, కానీ వినలేదు. ఆమె దృష్టంతా లోపలి గదిలో ఉన్న డాక్టరమ్మ మీద ఉంది. టైము మూడు దాటి పది నిమిషాలు.

డాక్టరమ్మకు ముప్ఫై రెండు, ముప్ఫై మూడు ఉంటాయి. నిద్ర చాలని మొహం. యూనిఫాంలో ఉన్న నాన్నను కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. చేతులు కట్టుకుని, డిపో మేనేజరు ముందు నిలబడినట్టు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఏదీ దాచలేదు, దేనికీ సాకు చెప్పలేదు.

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టి పక్కన ఉంచింది.

“ఆ ఒక్క మాత్ర వేసుకున్నానని అతను నాకు చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలుసా?” అంది. “తిట్టేదాన్ని. బిళ్ళలు ఇంటికివ్వడం ఆపి నెల్లాళ్ళు రోజూ రమ్మనేదాన్ని. అంతే. జారిపడ్డవాణ్ణి మేం తీసెయ్యం. అమ్మినవాణ్ణే తీసేస్తాం. బిళ్ళలు బజార్లో దొరుకుతున్నాయని పేపర్లలో రాశాక పైవాళ్ళు పెట్టిన రూలు అది.”

నాన్న తల వంచుకున్నాడు. కొట్టి ఉంటే ఇంత తగిలేది కాదేమో.

ఆమె మిగతాది కూడా చెప్పింది. ఇదంతా రాసివ్వాలి. రాసిస్తే అబ్బాయి మీద అమ్మిన ముద్ర పోతుంది. కానీ ఆ కాగితం నకలు తను డిపోకు పంపక తప్పదు. పంపకపోతే తన ఉద్యోగానికే చేటు.

“తెలుసమ్మా,” అన్నాడు నాన్న. “రాసుకోండి.”

రాసింది అక్క. ఎంతమంది చావులు నమోదు చేసినా వణకని చెయ్యి, తండ్రి చెబుతుంటే లైనుకోసారి ఆగింది. ఆయన సంతకం చేసి, అడగకుండానే కింద బ్యాడ్జి నంబరు వేశాడు.

“రేపు పొద్దున ఎనిమిదికి అబ్బాయిని తీసుకురండి,” అని డాక్టరమ్మ ముద్ర చేతిలోకి తీసుకుంది. అక్కకు ఊపిరి ఆడింది. సోమవారం తర్వాత మొదటిసారి.

అప్పుడు నర్సు రిజిస్టరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“మేడమ్, అరవయ్యో లైను నిండిపోయిందండి. పొద్దున్నే ఎక్కించాం. ఆవిడకి ఇప్పుడే బిళ్ళ ఇచ్చాను.”

డాక్టరమ్మ చెయ్యి గాల్లో ఆగింది.

ఆ తర్వాత జరిగినదాన్ని అక్క చాలాకాలం ముక్కలు ముక్కలుగానే గుర్తుచేసుకుంటుంది. అబ్బాయి తనే ఒప్పుకున్నాడు కాబట్టి అర్జీ రాదనుకున్నామంది నర్సు. గడువు లోపల ఎక్కించిన పేరు గడువు దాటేదాకా ఖాయం కాదంది డాక్టరమ్మ, ఆ రూలు తనే పెట్టినట్టు సిగ్గుపడుతూ. పొరపాటున తీసేసిన పేరు తిరిగి వస్తే చివర చేరినవాళ్ళు దిగిపోవాలి. అరవై ఒకటి రాయడానికి ఆ పుస్తకంలో లైను లేదు.

డాక్టరమ్మ పై ఆఫీసుకు ఫోను చేసింది. ఒక్కరికోసం, ఒక్క నెలకు అని అడిగింది. తలుపు తెరిచే ఉంది. అవతలి గొంతు వినబడకపోయినా ఏమంటోందో అక్కకు తెలుసు. మంజూరైన సంఖ్య మంజూరైన సంఖ్యే. ఇలాంటి జవాబులు ఆమె తన ఆఫీసులో నెలకు వంద టైపు చేస్తుంది. ‘చింతిస్తున్నాము’ అని చివర్లో కలిపితే మర్యాదగా ఉంటుందని ఆమెకు నేర్పించారు కూడా.

బల్లమీది ఆవిడ ఇదంతా వింటోంది.

వింటూ, చెయ్యి తీసి నోటిమీద గట్టిగా అదుముకుంది. లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏదో అనబోయింది. నర్సు వేలు చూపించగానే ఆగిపోయింది. బిళ్ళ ఇంకా కరగలేదు. నోరు తెరిస్తే ఉన్న ఈ ఒక్కటీ పోతుంది. తెరవకపోతే రేపటిది పోతుంది. కాలిన ముంజేతులమీదికి కన్నీళ్ళు జారుతున్నాయి గాని గొంతులోంచి చప్పుడు రాలేదు.

నాన్న ఆమెను చూశాడు. ఆయన చెయ్యి మెల్లగా బల్లమీది కాగితం వైపు కదిలింది.

అక్క ఆ కదలిక చూసింది. ఆ చెయ్యి కాగితాన్ని వెనక్కి తీసుకోబోతోందని ఆమెకు అర్థమైంది. పొద్దున ఒక నర్సు ఉద్యోగం పోకూడదని అబద్ధపు అర్జీ వద్దన్న మనిషి ఆయన. ఇప్పుడు ఈ మనిషి గురించి కూడా ఆలోచిస్తాడు. కానీ మంచం మీద తన్నుకుంటున్న ఆ కాళ్ళు? అమ్మ ఒళ్ళో ఉన్న ఆ కాళ్ళు?

ఆమె నాన్న చెయ్యి మీద తన చెయ్యి వేసి కదలనివ్వలేదు.

“నాలుగవుతోంది మేడమ్,” అంది డాక్టరమ్మతో. తన గొంతు తనకే కౌంటరు వెనక గొంతులా వినబడింది. “ముద్ర వెయ్యండి.”

నాన్న కూతురి మొహంలోకి చూశాడు. ఆయన ఏదీ అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత అనుకుంటుంది.

డాక్టరమ్మ ముద్ర వేసింది. నర్సు రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, అరవయ్యో లైను మీద ఎర్రగీత గీసింది. గీసి, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ భుజం పట్టుకుని నెమ్మదిగా బల్ల దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

“ఇంకా నాలుగు నిమిషాలుంది,” అంది. “అప్పటిదాకా నోరు తెరవకమ్మా.”

ఆమె తెరవలేదు. తండ్రీకూతుళ్ళు ఆమె ముందు నుంచే బయటికి నడిచారు. దాటేటప్పుడు నాన్న ఆగాడు, అక్క ఆగలేదు.

రేపు ఎనిమిదికి చిన్నోడు బిళ్ళ కోసం వస్తాడు. డిపోకు వెళ్ళే కవరు ఈ సాయంత్రమే టపాలో పడుతుంది. ఈ కథ చదివేవాళ్ళు ఆ ఇంటి గురించి బెంగపడతారని తెలుసు, పడవలసిందే. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, అర్జీ రాసిపెట్టే అక్క ఉంది, అంతమంది మధ్య కూడా వాడు అంచుమీదే నిలబడి ఉన్నాడు. ఆ బల్లమీది మనిషికి ఇంటి దగ్గర ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో, ఆ పూట అక్కడున్నవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. తన తరఫున తను అడుక్కోవడానికి ఆమెకు ఆ నాలుగు నిమిషాలూ వీలు కాలేదు. అందుకని ఆమె మాట ఇక్కడ అడగవలసి వస్తోంది. ఈ వారం మీరు ఎవరి గురించి తలుచుకున్నా సరే, నోటిమీద చెయ్యి అదుముకుని కూర్చున్న ఆ ఇస్త్రీ కొట్టు ఆవిడను మాత్రం మరిచిపోకండి.